పోలమ్మ పారేసిన పుట్టగొడుగులు

పోయిన వానాకాలం బాపట్ల వెళ్ళాను. సూర్యలంక రోడ్డు పక్కన మాకు మిగిలిన ఆఖరి సరుగుడు తోటను తమ్ముడు అమ్మేస్తున్నాడు, నా సంతకం కావాలన్నాడు. ఆ పని మధ్యాహ్నానికే అయిపోయింది. బండికి ఇంకా చాలా టైముంది కదా అని ఒక ఆటో మాట్లాడుకుని తోట చూడ్డానికి వెళ్ళాను. చూడ్డానికి అక్కడేముంది కనక! సరుగుడు తోట ఎక్కడైనా ఒకటే. ఇసుక, రాలిన సూదులు, ఎప్పుడూ ఆగని ఆ గాలి హోరు. నాలుగడుగులు వేశానో లేదో కాలికింద ఏదో మెత్తగా పగిలింది. వంగి చూస్తే చెప్పుమీద కాటుకలాంటి నల్లటి పొడి. నిమ్మకాయంత గుండ్రటి పుట్టగొడుగు అది. కాడ లేదు, గొడుగు లేదు, సగం ఇసుకలో ఉంది, సగం బయట ఉంది. పైన గోధుమరంగు మందపాటి తోలు. రేపల్లెలో ముప్పై ఏళ్ళు పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని కాబట్టి దాన్ని స్క్లెరోడెర్మా అంటారని నాకు తెలుసు.

"ఏంటండీ అది?" అన్నాడు ఆటో అతను వెనకనించి.

"పుట్టగొడుగు బాబూ."

"కూరొండుకుంటారాండీ?"

"లేదు. ఇది తినేది కాదు."

పాఠం అప్పజెప్పినట్టు అనేశాను గానీ, అన్నాక అక్కడే ఒక మొద్దుమీద కూర్చున్నాను. ఇదే తోటలో, నాకు పద్నాలుగేళ్ళప్పుడు, ఇదే మాట ఒకావిడ నాకు చెప్పింది. నేను వినలేదు. వినకపోగా చెయ్యకూడని పని ఒకటి చేశాను. దానివల్ల ఆవిడ రెండు రోజులు మంచానపడి, చావుతప్పి బయటపడింది. అదైనా తగ్గిపోయింది. తగ్గనిది ఇంకొకటి ఉంది. తన కళ్ళమీద తనకున్న నమ్మకాన్ని ఆవిడ ఆ రోజు పోగొట్టుకుంది, మళ్ళీ అది తిరిగి రాలేదు. తప్పు నాదని ఆవిడకు తెలియదు. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఆయనకు కూడా, ఆయన పోయేదాకా, చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలాగా యాభై ఏళ్ళకు పైగా నోరు మూసుకుని బతికాను.

ఆవిడ పేరు పోలమ్మ. సముద్రం ఒడ్డున గుడిసెల్లో ఉండేది. మొగుడు పడవమీద వేటకు వెళ్ళేవాడు, ఈవిడ ఎండుచేపలు గంపలో పెట్టుకుని మా ఊళ్ళ వెంట తిరిగి అమ్మేది. సన్నగా, నల్లగా, వెదురుబద్దలాగా ఉండేది. ఎంత దూరం నడిచొచ్చినా ఆయాసం ఉండేది కాదు. ఎండుచేపల గంపతో వచ్చినప్పుడు వీధి గుమ్మం దాటి లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు, వాసనని. బేరమంతా అరుగు కిందే. నాయనమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఏమే పోలమ్మా, ఇవి చేపలా, చెప్పు ముక్కలా?" అనేది. పోలమ్మ ఏ మాత్రం తగ్గకుండా, "చెప్పు ముక్కలైతే మీ ఇంటికెందుకు తెస్తానండీ, మీ పళ్ళకి గట్టిగా ఉండవూ?" అనేది. నాయనమ్మకు అప్పటికి నాలుగే పళ్ళు. ఇద్దరూ పగలబడి నవ్వుకునేవాళ్ళు.

దసరా ముందూ వెనకా తుపాను గాలులు పట్టి పడవలు ఒడ్డెక్కితే మాత్రం పోలమ్మ గంపలో చేపలుండేవి కావు. ఆ రోజుల్లో పుట్టగొడుగులు ఏరుకొచ్చేది. గడ్డివాముల పక్కన మొలిచేవి, పుట్టలమీద మొలిచేవి అందరూ ఏరతారు. పోలమ్మ ప్రత్యేకత గుడ్డు పుట్టగొడుగులు. సరుగుడు తోటల అంచున, ఇసుకలో గడ్డి మొలిచే చోట, కోడిగుడ్డు సైజులో తెల్లగా లేచేవి. వాటిని ఏరడం మా వైపు ఇంకెవరికీ చేతకాదు. ఎందుకంటే వాటిలాగే ఉండే పాడువి కూడా ఆ పక్కనే మొలుస్తాయి. మా ఇంటినించి మొదలుపెట్టి నాలుగైదు లోగిళ్ళవాళ్ళు ఆ గుడ్డు పుట్టగొడుగుల కోసం ఏడాదంతా ఎదురుచూసేవాళ్ళు. వేట లేని ఆ నెలా నెలన్నరా ఆవిడ ఇల్లు గడిచేది వాటిమీదే.

పుట్టగొడుగులు వచ్చాయంటే మా ఇంట్లో అదొక పండగ. నాయనమ్మ దృష్టిలో అవి మాంసంతో సమానం, శనివారం వండకూడదు. వాటికని పెరట్లో విడిగా ఒక పొయ్యి, విడిగా ఒక మట్టిదాక. నాయనమ్మ కత్తిపీట ముందేసుకుని కూర్చునేది. అమ్మ అల్లం వెల్లుల్లి నూరేది. తడిసిన సరుగుడు పుల్లలు సరిగ్గా మండక పొగ కమ్మితే, ఆ పొగలోనించి ధనియాల వాసన, ఉల్లిపాయ వేగిన వాసన వీధి చివరదాకా వచ్చేవి. నాయనమ్మ వంటలో ఏనాడూ రుచి చూసేది కాదు. దాక మూత తీసి, కళ్ళు మూసుకుని ఒక్కసారి ఊపిరి పీల్చి, "ఉప్పు చాల్లేదు" అనేది. అంతే, చాలేది కాదు. పుట్టగొడుగులకు మాత్రం ఇంకో పరీక్ష ఉండేది. తన వేలినున్న వెండి ఉంగరం తీసి ఉడుకుతున్న దాకలో వేసేది. ఉంగరం నల్లబడితే విషం, తెల్లగా ఉంటే మంచివి. వెండికీ పుట్టగొడుగు విషానికీ ఏ సంబంధమూ లేదని నేను తర్వాత చదువుకున్నాను.

ఉంగరం సంగతి సరే, అసలు పరీక్ష ఇంకొకటి. పుట్టగొడుగులు తెచ్చిన రోజు పోలమ్మను పోనిచ్చేవాళ్ళు కాదు. "వానలో పడి అంతదూరం నడిచొచ్చావు, అన్నం తిని పోదువు గానీ ఉండు" అనేది నాయనమ్మ. పెరట్లో, పశువుల కొట్టం చూరుకింద, విస్తరి వేసి వేడివేడి అన్నం, దాని పక్కన అప్పుడే దించిన పుట్టగొడుగుల కూర దండిగా పెట్టేవాళ్ళు. నాయనమ్మ దగ్గర కూర్చుని మరీ తినిపించేది. "ఇంకొంచెం వేసుకో, మొహమాటపడకు." పోలమ్మ తిని, విస్తరి తీసి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేది. మేము ఆ మధ్యాహ్నం పప్పూ పచ్చడీ తినేవాళ్ళం. పుట్టగొడుగుల కూర ఉట్టిమీద ఉండేది. అడిగితే, "ఊరితేనే దానికి రుచి, రాత్రికి తిందురు గానీ" అనేది నాయనమ్మ. చిన్నప్పుడు నిజమే అనుకున్నాను. పదేళ్ళొచ్చాక నాకో పని అప్పజెప్పింది. "పోలమ్మతో పాటు కాలవ మలుపుదాకా వెళ్ళిరా. బానే నడుస్తుందేమో చూసి చెప్పు." అప్పుడు అర్థమైంది. పోలమ్మ తిని మలుపుదాకా నడిచాక కూడా బాగానే ఉంటే మేము తింటాం. ఆ విషయం ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. అందరికీ తెలుసు. ఎవరికీ అది తప్పనిపించలేదు. నాకూ అనిపించలేదు, ఆ మాట దాచడం ఎందుకు. పోలమ్మకు అన్నం పెట్టడం మా ఇంటి మంచితనం అనే అనుకునేవాళ్ళం. ఆమె కూడా అలాగే అనుకునేది. మలుపు దగ్గర నా గడ్డం పుణికి, "మా పాపగారు ఎంత మంచోరండీ, నన్ను సాగనంపడానికి ఇంతదూరం వచ్చారు" అనేది. నేను నవ్వేసి వెనక్కి పరిగెత్తి, "బానే ఉంది నాయనమ్మా" అని చెప్పేదాన్ని.

ఆ ఏడాది నేను తెనాల్లో బాబాయి ఇంట్లో ఉండి హైస్కూల్లో చదువుతున్నాను. సైన్సులో క్లాసుకు ఫస్టు. మాకు సైన్సు చెప్పే మాస్టారు పుట్టగొడుగుల పాఠం చెబుతూ, బంతుల్లాంటి పుట్టగొడుగులు కోసి చూస్తే లోపల పాలలాగా తెల్లగా ఉండాలనీ, అలా ఉంటేనే తినడానికి పనికొస్తాయనీ అన్నారు. నేను లేచి, మా తోటలో అవి బోలెడుంటాయి సార్ అన్నాను. సెలవులకు వెళ్ళినప్పుడు పట్టుకురా అన్నారాయన. క్లాసంతా నావైపు తిరిగి చూసింది. ఆ చూపులతో నేల మీద నిలవలేదు నేను. దసరా సెలవులిచ్చిన మర్నాడే బాపట్ల బండెక్కి ఇంటికొచ్చాను. వచ్చిన మూడో రోజు పోలమ్మ తోటలోకి బయల్దేరుతుంటే, నేనూ వస్తానని వెంటపడ్డాను.

రాత్రంతా వాన కురిసి వెలిసిన పొద్దు అది. సూదుల చివర నీటి చుక్కలు వేలాడుతున్నాయి. పోలమ్మ నడుం వంచి, కళ్ళు ఇసుకమీద పెట్టి, మాట్లాడకుండా నడిచింది. నేను పరిగెత్తి పరిగెత్తి ఏరాను. గంటలో వోణీ కొంగు నిండింది. తెచ్చి ఆమె ముందు పోసి గర్వంగా నిలబడ్డాను. ఆమె చేపలు కోసే చిన్న కత్తి తీసి ఒక్కొక్కటే కోసి చూడటం మొదలుపెట్టింది. రెండు గంపలో వేసుకుంది. మూడోది పక్కకు విసిరేసింది. నాలుగోదీ విసిరేసింది. చివరికి నేను ఏరినవాటిలో సగానికి పైగా ఇసుకలో పడి ఉన్నాయి.

"ఎందుకు పారేస్తున్నావ్? లోపల తెల్లగానే ఉన్నాయిగా!" అన్నాను.

"తెల్లగుంటే సరిపోదు పాపగారూ. తోలు చూడాల. మంచిదానికి ఉల్లిపొరంత పల్చగుంటది. దీనికి చూడండి, చింతగింజ పెంకంత మందం." కోసిన ముక్క నా మొహం ముందు పెట్టింది. "కోయంగానే గంపలో వేసుకోకూడదండి. కాసేపు ఆగి చూడాల. చూడండి, అంచు ఎర్రబడతంది కదా? ఇది లేతది కాబట్టి ఇంకా తెల్లగుంది. రేపీపాటికి లోపలంతా నల్లగా అయిపోద్ది. ఇది తినేది కాదండి."

"మా సార్ చెప్పారు, తెల్లగా ఉంటే తినొచ్చని."

పోలమ్మ నవ్వింది. వెక్కిరింపు నవ్వేమీ కాదు, చంటిపిల్లల్ని చూసి నవ్వే నవ్వు. "మీ సార్ గారు ఎప్పుడన్నా ఏరారాండీ?" అంది.

ఆ నవ్వు నాకు మంటపుట్టించింది. వేలిముద్ర వేసే ఆవిడ, అరుగు కిందనించి బేరమాడే ఆవిడ, క్లాసులో ఫస్టు వచ్చే నేను ఏరినవాటిని పారేసి, మా మాస్టారిని చూసి నవ్వుతుందా అనుకున్నాను. ఎర్రబడిందన్న అంచు నాకు కనబడలేదు. అంటే చూడలేదు, చూడాలనుకోలేదు. ఆమె ముందు నడుస్తుంటే నేను వెనక ఉండిపోయి, పారేసినవాటిలోంచి లేతవి, బాగా తెల్లగా ఉన్నవి నాలుగు ఏరి కొంగులో మూట కట్టాను. మాస్టారికి చూపించడానికే అనుకున్నాను మొదట. ఇంటికి వచ్చేలోపు ఇంకో ఆలోచన వచ్చింది. ఇవి కూడా కూరలో పడితే, ఎవరికీ ఏమీ కాకపోతే, అప్పుడు అందరి ముందూ చెప్పొచ్చు. పోలమ్మ పారేసినవి కూడా మంచివే, మా సార్ చెప్పిందే నిజం అని. నాయనమ్మ ఉల్లిపాయల కోసం లోపలికి వెళ్ళినప్పుడు కత్తిపీట దగ్గర కూర్చుని ఆ నాలుగింటినీ సన్నగా తరిగి పళ్ళెంలో కలిపేశాను. నాయనమ్మ వచ్చి, "ఓసి నా తల్లీ, పనికి చెయ్యి వేశావా, పొద్దు ఎటు పొడిచిందే ఇవాళ!" అని మురిసిపోయింది.

ఉంగరం వేశారు. తెల్లగానే ఉంది. పోలమ్మకు విస్తరి వేశారు. నాయనమ్మ కూర వడ్డించి దగ్గర కూర్చుంది. నేను కొట్టం స్తంభాన్ని ఆనుకుని నిలబడి చూశాను. మజ్జిగ కూడా నేనే తెచ్చి పోశాను. ఆమె తింటూ, "పాపగారు కూడా ఏరారండి ఇవాళ. చెయ్యి తిరిగిద్ది, ఇంకో రెండేళ్ళు నాతో తిప్పితే నన్ను మించిపోతారు" అని నాయనమ్మతో చెప్పింది. ఆ మాట విన్న క్షణంలో నాకు కొంచెం భయం వేసింది. విస్తరి లాగేస్తే చాలు. తినకు పోలమ్మా అంటే చాలు. అనలేదు. నేనే గెలుస్తానని ఆశ.

ఆమె తిని, విస్తరి తీసి, కాసేపు వాన తగ్గేదాకా కొట్టంలోనే కూర్చుని, నాయనమ్మతో కబుర్లు చెప్పి బయల్దేరింది. ఎప్పటిలాగే నేను వెంట వెళ్ళాను. కాలవ మలుపు ఇంకా కనుచూపు మేరలో ఉండగానే ఆమె నడక తగ్గింది. మొహం నిండా చెమటలు. "అబ్బ, కడుపులో తిప్పతందేంటి" అని కాలవగట్టుమీద కూర్చుండిపోయింది. తర్వాత వాంతులు మొదలయ్యాయి. అలాంటి వాంతులు నేనెప్పుడూ చూడలేదు. పేగులు బయటికొస్తాయేమో అన్నట్టు మెలికలు తిరిగిపోయింది. నేను ఇంటికి పరిగెత్తాను. గుమ్మంలోనించే, "పోలమ్మ పడిపోయింది" అని అరిచాను. నాయనమ్మ మొదట చేసిన పని చెబుతాను. కాలవ వైపు రాలేదు. వంటింట్లోకి వెళ్ళి, ఉట్టిమీదినించి కూర దింపి, పేడ గుంటలో పోసి, దాక పగలగొట్టి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "తండ్రీ, పిల్లలింకా ముట్టుకోలేదు." ఆ తర్వాతే నాన్నను పిలిచి బండి కట్టించింది.

పోలమ్మను కొట్టంలోకి తీసుకొచ్చి మంచం వేశారు. బాపట్లనించి డాక్టరుగారు వచ్చి సూది వేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. దీపాలు పెట్టే వేళకు ఆమెకు కాస్త తెలివొచ్చింది. కళ్ళు తెరిచి ఆమె అడిగిన మొదటి మాట, "అమ్మగారూ, పిల్లలు తిన్నారాండీ?" తినలేదన్నాక ఏడవడం మొదలుపెట్టింది. నొప్పికి ఏడవలేదు. "నా కళ్ళు పోయినాయండి. ఇన్నేళ్ళలో ఒక్కటి తప్పలేదు. పిల్లలు గల ఇంట్లో నా చేత్తో ఇషం పెట్టబోయానండి" అని తల బాదుకుంది. నేను పెరటి తలుపు చాటున నిలబడి ఉన్నాను. నాలుగడుగులు వేసి ఒక్క మాట చెబితే ఆమె ఏడుపు ఆగిపోయేది. నాన్న కొడతాడని భయపడ్డానేమో అని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగి చూసుకున్నాను. మా నాన్న ఎప్పుడూ ఎవర్నీ కొట్టలేదు. నాది తప్పు అని ఒప్పుకోవడం నాకు చేతకాలేదు, అంతే.

రెండు రోజులకు లేచి వెళ్ళిపోయింది. నాయనమ్మ బియ్యం, పాత చీర ఇచ్చి పంపుతూ, "ఇంక నువ్వు పుట్టగొడుగులు తేవద్దులే పోలమ్మా, నీకూ వయసు మీదపడుతోంది" అంది. పోలమ్మకు అప్పుడు ముప్పై ఐదు దాటి ఉండవు. మిగతా లోగిళ్ళకు కబురు వారం తిరక్కుండానే చేరింది. చేరకపోయినా ఒకటే, ఆమె మళ్ళీ ఎప్పుడూ వాటి జోలికి పోలేదు. ఆ మరుసటి ఏడాది తుపాను రోజుల్లో, ఐదారేళ్ళ కూతుర్ని తల్లి దగ్గర వదిలి దుగ్గిరాల వైపు పసుపు చేలల్లో కూలికి వెళ్ళిందని విన్నాను. సముద్రంమీద బతికిన మనిషి. మాగాణి బురదలో వంగి పనిచెయ్యడం ఎలా అలవాటైందో!

ఇంకొక్కసారి చూశాను ఆమెను. డెబ్భైల్లో, అప్పుడే ఉద్యోగంలో చేరి, తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం నిలబడి ఉన్నాను. "పాపగారూ!" అని కేక. గోళ్ళనిండా పసుపు, నెత్తిన మూట. మనిషి సగమైపోయింది. ఏం చేస్తున్నారని అడిగితే, పిల్లలకు చెట్లూ చేమల గురించి చెబుతానన్నాను. "అయితే పుట్టగొడుగులు కూడా చెప్తారాండి?" అంది. చెబుతానన్నాను. "బాగా చెప్పండి. పుస్తకం చూసి చెప్తే తప్పు పోదు. నాలాగా కళ్ళని నమ్ముకుంటే ఏదో ఒకనాడు ముంచుద్ది" అంది. అప్పటికే నేను కాలేజీ ప్రయోగశాలలో ఆ పుట్టగొడుగును బ్లేడుతో కోసి చూశాను. తోలు మందంగా ఉంది. కాసేపు ఆగితే అంచు ఎర్రబడింది. పోలమ్మ చెప్పిన ప్రతి అక్షరం పుస్తకంలో ఉంది. ఆ సంగతి చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. బండి వచ్చింది. బండికి తొందరేమీ లేదు, రేపల్లె బండి ఏనాడూ తొందరపడలేదు. నేనే ఎక్కేశాను.

ఇవన్నీ గుర్తొచ్చి, ఆ మొద్దుమీదినించి లేచి, ఆటో అతన్ని సముద్రం వైపు పోనిమ్మన్నాను. ఎండుచేపల పోలమ్మ ఇల్లని అడిగితే ముగ్గురు మనుషుల తర్వాత నాలుగో ఆయన చూపించాడు. గుడిసెలు లేవు, అన్నీ డాబాలు. పోలమ్మ పోయి చాలా ఏళ్ళయిందట. కూతురు ధనమ్మ ఉంది. అరవై దాటి ఉంటాయి, అచ్చం తల్లి పోలిక, అదే వెదురుబద్ద. నేనెవరో చెప్పగానే, "అయ్యో, లోగిలి పాపగారా! రండి అక్కయ్యగారూ, లోపలికి రండి" అని కుర్చీ తుడిచి వేసింది. టీ పెట్టింది. ఇప్పుడు పుట్టగొడుగులు బజార్లో డబ్బాల్లో వస్తున్నాయనీ, కోడలు వండుతుందనీ, తను మాత్రం ముట్టననీ నవ్వుతూ చెప్పింది. "మా అమ్మ ఒట్టేయించుకుందండి. మన వంశంలో ఎవరం వాటిని ముట్టొద్దని."

ఆ మాటతో ఇక ఆగలేకపోయాను. మొత్తం చెప్పాను. నాలుగు పుట్టగొడుగులు కొంగులో కట్టుకోవడం, తరిగి కలపడం, తలుపు చాటున నిలబడటం, తెనాలి స్టేషన్. "మీ అమ్మ కళ్ళు ఏనాడూ తప్పలేదమ్మా. తప్పు నాది" అన్నాను. చెప్పేటప్పుడు ఏడ్చాను కూడా. ధనమ్మ కోప్పడలేదు. "చిన్నతనం కదండీ. పిల్లలు ఏదో ఒకటి చేత్తారు" అంది. లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "పోన్లెండి. మీరెవరూ తినకముందే బయటపడింది, అదే దేవుడి దయ. మా అమ్మ ఎప్పుడూ అదే అనేదండి. మీ ఇంట్లో తనకే ముందు పెట్టేవాళ్ళంట కదా. మా చుట్టాల్లో ఎవరు కలిసినా చెప్పుకునేదండి. అంత పెద్ద లోగిలి, నాకు పెట్టి, నేను తిన్నాకే వాళ్ళు ముద్ద ముడతారు అని. నా పెళ్ళిలో మా అత్తగారికి కూడా చెప్పింది. ఆ ఒక్క ఇంట్లోనే మా అమ్మని మనిషిలా చూశారండి."

  నా మొహంలో ఏం చూసిందో, ధనమ్మ చెయ్యి అలాగే పట్టుకుని ఉంది. ఏదో లోపల కూడుకుంటున్నట్టు కళ్ళు చిన్నవి చేసింది.

"అక్కయ్యగారూ," అంది, "ఎండుచేపలు తెచ్చిన రోజు కూడా పెట్టేవారాండి, అన్నం?"

అబద్ధం చెప్పొచ్చు. పెట్టేవాళ్ళం అమ్మా అంటే అయిపోయేది. కానీ నేను అక్కడికి వెళ్ళిందే నిజం చెప్పడానికి కదా, అదీ నా మనసు తేలికపడటానికి.

"లేదమ్మా" అన్నాను.

ఆమె నా చెయ్యి వదిలింది. విసురుగా కాదు, మెల్లగానే. గోడకున్న తల్లి ఫోటో వైపు ఒకసారి చూసింది. "పాపం మా అమ్మ" అంది. ఆ తర్వాత ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. చాలాసేపు నీళ్ళ చప్పుడు వినబడింది. ఇన్నేళ్ళూ నేను మోస్తున్నది నాలుగు పుట్టగొడుగుల బరువే అనుకున్నాను. అవి నేను కలిపినా కలపకపోయినా, ప్రతి ఏడూ ఆ విస్తరి దగ్గర మేము పోలమ్మ ప్రాణాన్ని పందెం కాస్తూనే ఉన్నామన్నది ఒక జీవితమంతా గడిచాక, ఆమె కూతురు అడిగితే గానీ నాకు తగల్లేదు. పోలమ్మ కళ్ళను ఆమెకు తిరిగి ఇద్దామని వెళ్ళాను. ఆమె బతికినంతకాలం గొప్పగా చెప్పుకున్న ఆ ఒక్క ముద్దనూ లాక్కుని వచ్చాను.

ధనమ్మ బయటికి వచ్చి, "మీ బండికి టైమవుతుందేమో చూసుకోండి" అంది. ఆటో దాకా కూడా వచ్చింది. మా వైపు ఎంత గిట్టనివాళ్ళయినా సరే, గుమ్మం దిగేవాళ్ళతో మళ్ళీ రండి అంటారు. ధనమ్మ అనలేదు.